ముందు నిలిచే మాట – వెనుక నిలిచే మాట

ఒక కిలోగ్రాము నీరు 20 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత వద్ద ఉన్నది. దానిని 50 డిగ్రీలకు తీసుకొనిపోవడానికి ఎంత ఉష్ణం కావలెను? ఈ లెక్కను ఇంగ్లీషులో ఇచ్చినప్పుడు మా తరగతిలో ఒక విద్యార్థి 2,10,000 జౌళ్ళు అని జవాబు వ్రాశాడు. రావలసినది 1,26,000 జౌళ్ళు. అతని సూత్రంలో తప్పు లేదు. నీటి విశిష్టోష్ణం కిలోగ్రాముకు 4,200 జౌళ్ళని సరిగానే తీసుకొన్నాడు. గుణకారమూ సరిగానే ఉన్నది. ప్రశ్నలో ‘రైజ్డ్ టు ఫిఫ్టీ డిగ్రీస్’ అని ఉండగా, ‘రైజ్డ్ బై ఫిఫ్టీ డిగ్రీస్’ అన్నట్లు అర్థం చేసుకొన్నాడు. పెరుగుదల 30 డిగ్రీలు కాగా 50 డిగ్రీలనుకొన్నాడు. ‘టు’కు బదులు ‘బై’: ఒక్క అక్షరం 84,000 జౌళ్ళ తేడా తెచ్చింది, మార్కులు పోయినవి.

అతనిని పిలిచి, అదే మాటను తెలుగులో అడిగాను. ‘బస్తా ధర వేయి రూపాయలు పెరిగింది’ అంటే ఏమిటి, ‘వేయి రూపాయలకు పెరిగింది’ అంటే ఏమిటి అని. తడుముకోకుండా చెప్పాడు. గుడ్లవల్లేరులో పుట్టి పెరిగిన రైతుబిడ్డ ఈ రెంటికీ తేడా తెలియకుండా ఎట్లుంటాడు? ‘కు’ అనే ఒక్క అక్షరం ఉన్నదా లేదా అన్నదానిమీద ఇంటిల్లిపాది ఏడాది ఆదాయమే ఆధారపడి ఉంటుంది గదా!

కావున లోపం తెలివిలో లేదు. మన భాషలో పేరు వెనుక నిలిచి చేసే పనిని ఇంగ్లీషులో పేరు ముందు నిలిచే మాట చేస్తున్నది. చోటు మారడం ఒక చిక్కు. అంతకంటె పెద్ద చిక్కు మరొకటి ఉన్నది: ఈ మాటలకూ మన విభక్తులకూ ఒకటికి ఒకటిగా జోడీ కుదరదు. ఈ సంగతి పండితులకైనా ఒక్కనాడు తెలిసినది కాదు. అది తెలిసివచ్చిన కథలో మన బందరుకు కూడ కొంత పాత్ర ఉన్నది. విజ్ఞానశాస్త్రం చెప్పుకొనే నావంటివాడు భాష జోలికి రావడానికి కారణం పైన చెప్పిన లెక్కే.

బందరులో రెండు భాషల కలయిక

ఇంగ్లీషు వర్తకులు మచిలీపట్నంలో 1611లో స్థావరం ఏర్పరచుకొన్నారు. ఆ తరువాత చాలాకాలం వారికీ మనవారికీ మధ్య మాట నడిపినవారు దుబాసీలు. వర్తకానికి దుబాసీ చాలును, పరిపాలనకు చాలడు. శిస్తు వసూలు చేయడానికి, తగవులు తీర్చడానికి దొరలే తెలుగు నేర్వవలసి వచ్చింది. అప్పుడు వ్యాకరణాలు పుట్టినవి. విలియం కేరీ వ్రాసిన తెలుగు వ్యాకరణం 1814లో శ్రీరాంపూరులోను, ఏ.డి. కాంప్‌బెల్ వ్రాసినది 1816లో మద్రాసులోను అచ్చయినవి. కాంప్‌బెల్ గ్రంథానికి ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ వ్రాసిన పీఠిక ముఖ్యమైనది. తెలుగు, తమిళం, కన్నడం మొదలైనవి సంస్కృతంనుండి పుట్టినవి కావనీ, అవన్నీ ఒక ప్రత్యేక కుటుంబానికి చెందినవనీ అందులో అతడు నిరూపించాడు. సి.పి. బ్రౌన్ 1820 తరువాత కొంతకాలం బందరులో ఉద్యోగం చేశాడు. అతని తెలుగు వ్యాకరణం 1840లోను, తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లోను వెలువడినవి.

ఇక మనవారు ఇంగ్లీషు నేర్చుకొనే పని. రాబర్ట్ నోబుల్ అనే మిషనరీ 1841లో వచ్చి, 1843లో బందరులో ఇంగ్లీషు పాఠశాల తెరిచాడు. తరువాతి కాలంలో నోబుల్ కళాశాలగా పేరుపొందినది అదే. అదే మిషన్‌కు చెందిన ఏ.హెచ్. ఆర్డెన్ బందరులో పనిచేస్తూ తెలుగు నేర్చుకొనేవారికోసం ఒక వ్యాకరణం వ్రాశాడు. 1873లో వెలువడిన ఆ గ్రంథాన్ని పాఠాలుగాను, అభ్యాసాలుగాను మెట్టుమెట్టుగా కూర్చాడు. ఒకే ఊరిలో తెలుగు పిల్లలు ఇంగ్లీషు ప్రిపొజిషన్లతోను, ఇంగ్లీషు దొరలు తెలుగు విభక్తులతోను కుస్తీ పట్టారన్నమాట.

దొరల కష్టం కూడ మన కష్టం వంటిదే. ఇంగ్లీషులో ‘ఐ ఫియర్ హిమ్’ అని ఉన్నది గదా అని తెలుగులో ‘నేను అతనిని భయపడుతున్నాను’ అంటే మన పిల్లవాడైనా నవ్వుతాడు. ‘అతనికి భయపడుతున్నాను’ అనవలెను. లేదా ‘అతడంటే నాకు భయం’ అనవలెను. ‘భయం’ అనే మాటకు ఏ తోడు కావలెనో మనకు ఎవరూ సూత్రం చెప్పలేదు. ఆ మాటతోపాటే దాని తోడు కూడ తల్లి ఒడిలో వచ్చింది.

అద్దంలో బొమ్మ

‘గుడివాడ నుండి బందరుకు రైలులో’ అంటాము. ఇంగ్లీషువాడు ‘ఫ్రమ్ గుడివాడ టు బందర్ బై ట్రైన్’ అంటాడు. నుండి, కు, లో అనేవి మనకు వెనుక ఉన్నవి; ఫ్రమ్, టు, బై అనేవి వారికి ముందు ఉన్నవి. అద్దంలో చూచుకొన్నట్లు కుడి ఎడమైనది. ఇది ఈ రెండు భాషలకే పరిమితమైన విచిత్రం కాదు. అమెరికా శాస్త్రజ్ఞుడు జోసెఫ్ గ్రీన్‌బర్గ్ 30 భాషలను పరిశీలించి 1963లో కొన్ని సామాన్య నియమాలు ప్రకటించాడు. ఆ ముప్పదింటిలో మన సోదరభాష కన్నడం ఉన్నది. కర్త, కర్మ, చివర క్రియ వచ్చే భాషలలో ఈ చిన్నమాటలు సాధారణంగా పేరు వెనుక నిలుస్తవని అతడు చూపాడు. జపాను భాష, తురుష్కభాష, తెలుగు ఈ తెగలోనివి. క్రియ మొదటనే వచ్చే భాషలలో అవి పేరు ముందు నిలుస్తవి. పారశీకం వంటి మినహాయింపులు లేకపోలేదు. అందులో క్రియ చివరనే వచ్చినా ఈ మాటలు ముందే ఉంటవి. కాని మొత్తంమీద వాక్యంలో క్రియ ఉండే చోటుకూ, ఈ చిన్నమాటలు ఉండే చోటుకూ గట్టి సంబంధం ఉన్నది.

ఇంగ్లీషుకు కూడ ఒకప్పుడు విభక్తులు పుష్కలంగా ఉండేవి. వేయి సంవత్సరాల క్రిందటి ఇంగ్లీషులో నామవాచకం చివర మారుతూ ఉండేది. ఆ చివరను బట్టి కర్త ఎవరో, కర్మ ఎవరో, ఎవరికి, ఎవరి అనేది తెలిసేది. క్రమంగా ఆ చివరలు అరిగిపోయినవి. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించిన తరువాత ఫ్రెంచి ప్రభావం కూడ తోడైనది. చివరలు పోయినకొద్దీ వాటి బరువంతా ముందున్న చిన్నమాటలపై పడింది. నేడు మిగిలిన పాత గుర్తులు హీ, హిజ్, హిమ్ వంటి సర్వనామాలు, పేరు చివర వచ్చే ‘ఎస్’ మాత్రమే. ఒకనాడు ‘దూరంగా’ అనే అర్థమిచ్చిన మాట ఒకటి రెండుగా చీలి, నేడు ‘ఆవ్’ అని పలికే ‘ఆఫ్’గాను, దీపం ఆర్పేటప్పుడు వాడే ‘ఆఫ్’గాను నిలిచింది.

మన విభక్తులు కూడ ఆకాశంనుండి ఊడిపడలేదు. ‘నుండి’ అనేది ‘ఉండి’ నుండి వచ్చింది. ‘కూర్చి’లో కూర్చుట, ‘పట్టి’లో పట్టుట ఉన్నవి. ‘మీద’, ‘ముందు’, ‘వెనుక’ అనేవి చోటును తెలిపే పేర్లు. పూర్వం సొంత అర్థం ఉన్న మాటలే అరిగి అరిగి పనిముట్లయినవి. ఇట్లు రెండు భాషలలో రెండు వేరు దారులలో తయారైన పనిముట్లు ఒకదానికొకటి అచ్చంగా సరిపోవాలనుకోవడం ఆశ్చర్యమే గదా!

పట్టిక తెచ్చిన తంటా

అయినా తరతరాలుగా మనం చేసినది అదే. బాలవ్యాకరణం నాటినుండి మనకు అలవాటైన విభక్తుల పట్టిక ప్రక్కన ఇంగ్లీషు మాటలు వ్రాసి వల్లె వేయించాము. చేత అంటే బై, తోడ అంటే విత్, కొరకు అంటే ఫర్, వలన అంటే ఫ్రమ్, యొక్క అంటే ఆఫ్, అందు అంటే ఇన్, మీద అంటే ఆన్. పట్టిక చూడ ముచ్చటగా ఉంటుంది. బల్లమీద పుస్తకం, సంచిలో బియ్యం అన్నంతవరకు పని కూడ చేస్తుంది. కంటికి కనబడే వస్తువులను దాటగానే తప్పుదారి పట్టిస్తుంది.

‘మీద’ అనే ఒక్క మాటనే తీసుకొందాము. కోటమీద దాడి అంటే ‘అటాక్ ఆన్’. ఇది పట్టికకు సరిపోయింది. పిల్లలమీద ప్రేమ అంటే ‘లవ్ ఫర్’. దేవునిమీద నమ్మకం అంటే ‘ఫెయిత్ ఇన్’. తమ్ముడిమీద కోపం అంటే ‘యాంగర్ ఎట్’. తెలుగులో నాలుగు చోట్లా మాట మారలేదు. ఇంగ్లీషులో నాలుగు చోట్లా నాలుగు మాటలు వచ్చినవి. మార్చినది ఎవరు? ‘మీద’ మారలేదు. ముందున్న నామవాచకమే తనకు కావలసిన తోడును ఎన్నుకొన్నది. ప్రిపొజిషన్ తెలుగు విభక్తికి అనువాదం కాదు. అది ఇంగ్లీషు నామవాచకానికి చెందిన తోడు. ఈ వ్యాసంలో చెప్పదలచినదంతా ఈ ఒక్క మాటే.

విజ్ఞానశాస్త్రంలో ఈ తోడు మారితే వస్తువే మారిపోతుంది. ‘సొల్యూషన్ ఆఫ్ సాల్ట్ ఇన్ వాటర్’ అంటే ఉప్పు ద్రావణం. ‘సొల్యూషన్ టు ది ప్రాబ్లమ్’ అంటే సమస్యకు పరిష్కారం. ‘రేషియో ఆఫ్ మాస్ టు వాల్యూమ్’ అన్నప్పుడు ‘ఆఫ్’ తరువాతిది లవం, ‘టు’ తరువాతిది హారం. ఆ రెండు పేర్లు తారుమారైతే సాంద్రతకు బదులు దాని విలోమం వస్తుంది.

మాటల సాంగత్యాన్ని పట్టినవారు

ఈ సంగతిని శాస్త్రీయంగా మొదట పట్టించుకొన్నవారు ఇంగ్లీషును పరాయివారికి నేర్పవలసి వచ్చిన ఉపాధ్యాయులు. హెరాల్డ్ పామర్ అనే ఆంగ్లేయుడు 1922లో జపాను వెళ్ళి, మరుసటి సంవత్సరం టోకియోలో స్థాపించిన ఇంగ్లీషు బోధన పరిశోధన సంస్థకు నాయకుడైనాడు. విడిమాటలు నేర్చినా పిల్లలు వాక్యంలో ఎందుకు తడబడుతున్నారని విచారించి, కలిసి తిరిగే మాటల గుంపులను సేకరించి 1933లో ఒక నివేదిక ప్రకటించాడు. ఆ దేశంలోనే అతనితోపాటు పనిచేసిన ఏ.ఎస్. హార్న్‌బీ ఇద్దరు మిత్రులతో కలిసి ఒక నిఘంటువు కూర్చాడు. 1942లో టోకియోలో అచ్చయిన ఆ గ్రంథాన్ని 1948లో ఆక్స్‌ఫర్డువారు ప్రచురించారు. మాటకు అర్థం చెప్పి ఊరుకోక, అది వాక్యంలో ఏ పద్ధతిలో ఇమిడిపోతుందో కూడ చెప్పడం దాని ప్రత్యేకత. నేడు మన పాఠశాల గ్రంథాలయాలలో కనిపించే అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ దాని వంశమే.

ఈ పరిశీలనకు సిద్ధాంత రూపమిచ్చినవాడు జె.ఆర్. ఫర్త్. ఇతడు 1928 వరకు లాహోరులో ఇంగ్లీషు బోధించాడు. తరువాత లండనులో పనిచేస్తూ 1937–38లో మరల మన దేశానికి వచ్చి గుజరాతీ, తెలుగు భాషలను పరిశీలించాడు. బందరులో తెలుగు వ్యాకరణం వ్రాసిన ఆర్డెన్ తరువాత తమిళానికి కూడ వ్యాకరణం వ్రాశాడని చెప్పుకోవాలి. ఆ తమిళ వ్యాకరణం 1934 ముద్రణకు ఉచ్చారణను గురించి అనుబంధం వ్రాసినవాడు ఈ ఫర్త్. బ్రిటనులో సామాన్య భాషాశాస్త్రానికి మొదటి ఆచార్య పీఠం 1944లో ఇతనికే లభించింది. మాట అర్థంలో ఒక భాగం అది ఏ మాటలతో సాంగత్యం చేస్తుందో దానిలో ఉన్నదని ఫర్త్ 1951లో ప్రతిపాదించాడు. మనిషిని తెలుసుకొనడానికి అతని స్నేహితులను చూడమని మన పెద్దలు చెప్పినట్లే ఇదీను.

ఆ తరువాత గణన యంత్రాలు వచ్చినవి. బర్మింగ్‌హామ్‌లో జాన్ సింక్లెయిర్ నాయకత్వాన కోట్లకొలది మాటల వ్రాతలను కంప్యూటరులో పోసి, ఏ మాట ప్రక్కన ఏది ఎన్నిసార్లు వస్తుందో లెక్కించి, 1987లో కోబిల్డ్ నిఘంటువు వెలువరించారు. అంతకు ఒక సంవత్సరం ముందు, 1986లో, మాటల కలయికలకే ప్రత్యేకించిన బి.బి.ఐ. నిఘంటువు వచ్చింది. వ్యాకరణ సంబంధమైన కలయికలను అది ఎనిమిది తరగతులు చేసింది. అందులో మొదటి తరగతి నామవాచకం తరువాత ప్రిపొజిషన్. నాలుగవ తరగతి ప్రిపొజిషన్ తరువాత నామవాచకం. మన పిల్లలు తడబడే రెండు చోట్లు ఇవే.

తోడు కుటుంబాలు

ఇన్ని వేల నామవాచకాలకు ఒక్కొక్క తోడును బట్టీ పట్టవలెనా అని విద్యార్థులు భయపడవచ్చు. అవసరం లేదు. సమీప అర్థంగల పేర్లు సాధారణంగా ఒకే తోడును కోరుకొంటవి.

కోరిక, అవసరం తెలిపేవి ‘ఫర్’ను కోరుతవి: నీడ్ ఫర్, డిమాండ్ ఫర్, డిజైర్ ఫర్, రిక్వెస్ట్ ఫర్. ఒకదానిపై పడే ప్రభావం తెలిపేవి ‘ఆన్’ను కోరుతవి: ఎఫెక్ట్ ఆన్, ఇన్‌ఫ్లూయెన్స్ ఆన్, ప్రెషర్ ఆన్. ఒకదానికి ఎదురుగా వచ్చేవి ‘టు’ను కోరుతవి: ఆన్సర్ టు, రిప్లై టు, రెసిస్టెన్స్ టు. హెచ్చుతగ్గులు తెలిపేవి, మారిన వస్తువుకు ముందు ‘ఇన్’ను కోరుతవి: ఇంక్రీజ్ ఇన్ టెంపరేచర్, ఫాల్ ఇన్ ప్రెషర్, చేంజ్ ఇన్ వాల్యూమ్. నమ్మకం, ఆసక్తి కూడ ‘ఇన్’తోనే: బిలీఫ్ ఇన్, ఇంటరెస్ట్ ఇన్. ఈ అయిదు వరుసలు వచ్చిన విద్యార్థి ప్రయోగశాల రికార్డులో చాలా తప్పులు తప్పించుకొంటాడు.

కొన్ని నామవాచకాలు క్రియనుండి పుట్టినవి. క్రియకు ప్రిపొజిషన్ ఉంటే అది పేరుకు కూడ వారసత్వంగా వస్తుంది. ‘డిపెండ్ ఆన్’ నుండి ‘డిపెండెన్స్ ఆన్’, ‘డిఫర్ ఫ్రమ్’ నుండి ‘డిఫరెన్స్ ఫ్రమ్’, ‘రియాక్ట్ విత్’ నుండి ‘రియాక్షన్ విత్’.

మరి క్రియకు ప్రిపొజిషన్ లేకపోతే? ఇక్కడ ఒక గుంట ఉన్నది. అందులో పడనివారు అరుదు. ‘డిస్కస్’ అనే క్రియ తన కర్మను నేరుగా పట్టుకొంటుంది: ‘డిస్కస్ ది రిజల్ట్’. కాని ‘డిస్కషన్’ అనే పేరుకు ఆ పట్టు లేదు. ఇంగ్లీషు నామవాచకం కర్మను నేరుగా పట్టుకోలేదు. మధ్య ఒక త్రాడు కావలెను. అందుచేత ‘డిస్కషన్ ఆఫ్’ లేదా ‘డిస్కషన్ అబౌట్’ అవుతుంది. అట్లే ‘రెసిస్ట్’కు త్రాడు లేదు, ‘రెసిస్టెన్స్’కు ‘టు’ కావలెను. ‘అఫెక్ట్’కు త్రాడు లేదు, ‘ఎఫెక్ట్’కు ‘ఆన్’ కావలెను. మన విద్యార్థి ‘గురించి చర్చించాము’ అనే తెలుగును మనస్సులో పెట్టుకొని, ‘డిస్కషన్ అబౌట్’ అని విన్నది కూడ కలుపుకొని, ‘డిస్కస్ అబౌట్’ అంటాడు. అది అజ్ఞానం కాదు. అతనికి తెలిసిన రెండు నిజాలను కలిపి చేసిన మూడవ తప్పు.

ఈ త్రాడు సంగతి తెలుగులోనే చూపితే పిల్లలకు వెంటనే పట్టుబడుతుంది. ‘గురువును గౌరవించు’ అంటాము. క్రియ పేరుగా మారగానే ‘గురువును గౌరవం’ అనము, ‘గురువు పట్ల గౌరవం’ అంటాము. ‘వ్యాసాన్ని విమర్శించు’ అంటాము. పేరైతే ‘వ్యాసంపై విమర్శ’ అంటాము. ఇంగ్లీషులో జరిగేది ఇదే.

రైలు సమయానికి వచ్చిందా?

ఇక రెండవ చోటు: ప్రిపొజిషన్ ముందు, పేరు వెనుక. ఇక్కడ రెండూ కలిసి గడ్డకట్టి ఒకే మాటవలె పనిచేస్తవి. ‘బై ట్రైన్’, ‘ఆన్ ఫుట్’, ‘ఎట్ నైట్’, ‘ఇన్ డేంజర్’, ‘అండర్ ప్రెషర్’ ఇట్టివి. వీటిలో పేరుకు ముందు ‘ఎ’ గాని ‘ది’ గాని లేకపోవడం గమనించదగినది. ఫలానా రైలు అని కాక ప్రయాణ సాధనమని చెబుతున్నాము కనుక ‘బై ట్రైన్’. ఫలానా బండిలో అని చెప్పదలిస్తే ‘ఆన్ ది ట్రైన్’.

తోడు మారితే ఇక్కడ కూడ అర్థం మారుతుంది. బందరు బండి వేళాపట్టికలో వ్రాసిన నిమిషానికి గుడ్లవల్లేరు స్టేషనుకు వస్తే అది ‘ఆన్ టైమ్’. మనం పరుగెత్తుకొని పోయి, బండి కదలకముందే ఎక్కగలిగితే మనం ‘ఇన్ టైమ్’. తెలుగులో రెంటికీ ‘సమయానికి’ అనే అంటాము. బండి ఆలస్యంగా వచ్చినందువల్లనే మనకు బండి దొరికిన రోజున బండి ‘ఆన్ టైమ్’ కాదు, మనం మాత్రం ‘ఇన్ టైమ్’. ఈ ఉదాహరణ చెప్పిన తరువాత మా తరగతిలో ఈ రెండు మాటలను తారుమారు చేసినవారు తక్కువ.

ఉపాధ్యాయులు చేయదగినది

ఖర్చులేని పనులు మూడు ఉన్నవి. మొదటిది, క్రొత్త నామవాచకాన్ని బోర్డుమీద ఒంటరిగా వ్రాయకుండడం. ‘ఎఫెక్ట్’ అని కాక ‘ఎఫెక్ట్ ఆన్’ అని వ్రాయవలెను. అర్థం ప్రక్కన ఒక చిన్న వాక్యం ఉండవలెను. రెండవది, నోటుపుస్తకం చివర ఫర్, ఆన్, టు, ఇన్ అని నాలుగు గడులు గీయించి, పాఠంలో తగిలిన పేరునల్లా దాని గడిలో చేర్పించడం. ఈ పని ఇంగ్లీషు ఉపాధ్యాయునిది మాత్రమే కాదు. భౌతిక, రసాయన, గణిత శాస్త్రాలు చెప్పేవారందరిదీ. మూడవది, నిఘంటువులో అర్థం చూచి మూసివేయక, ఉదాహరణ వాక్యాన్ని కూడ చదివించడం. తోడు కనిపించేది అక్కడనే.

తప్పు వ్రాసిన పిల్లవానిని నలుగురిలో నవ్వులపాలు చేయడంవల్ల ప్రయోజనం లేదు. అతడు ఇంగ్లీషులో తెలుగు మాట్లాడుతున్నాడు. బందరుకు వచ్చిన దొరలు తెలుగులో ఇంగ్లీషు మాట్లాడారు. వారి తప్పులలో నుండే వ్యాకరణాలు, నిఘంటువులు పుట్టినవి. మన పిల్లల తప్పులు కూడ, తీరికగా పరిశీలిస్తే, ఎక్కడ ఏమి చెప్పవలెనో మనకే నేర్పుతవి.

మొదట చెప్పిన విద్యార్థికి నేను ఉష్ణం పాఠం మరల చెప్పలేదు. అది అతనికి వచ్చును. ‘టు’ అంటే చేరిన చోటు, ‘బై’ అంటే నడిచిన దూరం అని మాత్రం చెప్పి, గుడ్లవల్లేరు నుండి గుడివాడకు పోవడం ఒకటి, అన్ని కిలోమీటర్లు పోవడం మరొకటి అన్నాను. తరువాతి పరీక్షలో అదే తరహా లెక్క వచ్చినప్పుడు, జవాబు వ్రాసే ముందు ప్రశ్నలోని ‘టు’ క్రింద పెన్సిలుతో ఒక గీత గీసి ఉన్నది. జవాబు సరియైనది.